పర్ణశాల చలిజ్వరం, బేగంపేట మైక్రోస్కోపు: సర్కారు వైద్యం, ప్రైవేటు వైద్యం గురించి రోనాల్డ్ రాస్ జీవితం ఏం చెబుతోంది?

మీరు భద్రాచలం రాముడిని దర్శించుకున్నారు. అక్కడి నుంచి సుమారు 35 కిలోమీటర్లు ప్రయాణించి పర్ణశాల చేరుకున్నారు. గోదావరి ఒడ్డు, సీతమ్మ వాగు, సీతమ్మ నారచీర ఆరేసిన గుర్తులంటూ చూపించే రాళ్లు, అన్నీ ఫొటోలు తీసుకున్నారు. రాత్రి అక్కడే ఉండిపోయారు. నాలుగు దోమలు కుట్టాయి. పట్టించుకోలేదు. మర్నాడు హైదరాబాద్ బస్సెక్కారు.

పది, పన్నెండు రోజుల తర్వాత చలి, వణుకు, ఆపైన జ్వరం. ఇప్పుడు ఎక్కడికి వెళ్తారు?

మీలో చాలామంది దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికే వెళ్తారు. డెంగీ పరీక్ష రాస్తారు, రక్తకణాల సంఖ్య చూస్తారు. ఏజెన్సీకి వెళ్లొచ్చిన సంగతి మీరు చెప్పకపోతే, మలేరియా అనుమానం రావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. అదే జ్వరం పర్ణశాల చుట్టుపక్కల ఏదైనా కోయగూడెంలో ఒకరికి వస్తే? ఆశా కార్యకర్త వేలి కొన నుంచి ఒక రక్తపు చుక్క తీసి, కిట్ మీద వేసి, పావుగంట ఇరవై నిమిషాల్లో ఫలితం చెప్పే ఏర్పాటు ఉంది. పరీక్షకు డబ్బు తీసుకోరు, మందుకూ తీసుకోరు.

కానీ అదే గూడెంలో జ్వరం ముదిరి మనిషి స్పృహ తప్పితే, కిడ్నీలు దెబ్బతింటే పరిస్థితి తలకిందులవుతుంది. ఐసీయూ, డయాలసిస్, స్పెషలిస్టు డాక్టరు అన్నీ మీకు నగరంలో నాలుగు వీధుల దూరంలో ఉంటాయి. ఆ మనిషికి మాత్రం ముందు భద్రాచలం ఏరియా ఆసుపత్రి, అక్కడ కుదరకపోతే ఖమ్మం, వరంగల్ లేదా హైదరాబాద్.

మరి ఏది మంచిది? సర్కారు వైద్యమా, ప్రైవేటు వైద్యమా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. అయితే ఏ పని ఎవరు బాగా చేయగలరో, ఎవరు ఎక్కడ చేతులెత్తేస్తారో తెలుసుకోవడానికి మనకు బాగా తెలిసిన ఒక డాక్టరు జీవితం ఉపయోగపడుతుంది. ఆయన సర్ రోనాల్డ్ రాస్. మలేరియా దోమ ద్వారా వస్తుందనడానికి తొలి గట్టి ఆధారం పట్టుకున్నది ఆయనే, అదీ మన సికింద్రాబాద్‌లో.

డాక్టరు కావాలనుకోని డాక్టరు

రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో పుట్టారు. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. పది మంది పిల్లల్లో పెద్దవాడు రాస్. ఎనిమిదేళ్ల వయసులో చదువు కోసం ఇంగ్లండ్ పంపేశారు. కుర్రాడికి కవిత్వం, సంగీతం, బొమ్మలు, లెక్కలు ఇష్టం. తండ్రికి మాత్రం కొడుకు డాక్టరై ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాలని కోరిక.

తండ్రి మాటే నెగ్గింది. లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చదివారు. చదువు మీద పెద్దగా మనసు పెట్టలేదు. ఒక అర్హత పరీక్ష తప్పారు. కొంతకాలం ఓడలో డాక్టరుగా పనిచేశారు. మళ్లీ పరీక్ష రాసి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులోకి వచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీకి కేటాయించారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అది సర్కారు జీతమిచ్చే ఉద్యోగమే. కానీ ఆ సర్కారు వైద్యం మొదట సైన్యం కోసం. సామాన్య జనం సంగతి ఆ తర్వాత. పైగా ఆ సర్వీసులోని డాక్టర్లు ప్రైవేటు ప్రాక్టీసు చేసుకోవడానికి అనుమతి ఉండేది. పెద్ద పట్టణాల్లో పోస్టింగ్ దొరికినవారు ఫీజుల మీద బాగానే సంపాదించుకునేవారు.

అప్పట్లో పర్ణశాల ఉన్న భద్రాచలం తాలూకా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే, గోదావరి జిల్లాలో ఉండేది. నిజాం నుంచి 1860లో బ్రిటిష్ వారి చేతికి వచ్చి, 1874లో గోదావరి జిల్లాలో కలిసింది. ఏజెన్సీకి బదిలీ అంటే ఉద్యోగులు చలిజ్వరానికి భయపడేవారు. అడవిలో బతికే కోయలకు మాత్రం ఆ జ్వరం నుంచి బదిలీ అయిపోయే అవకాశమే లేదు.

బెంగళూరులో నీళ్ల పీపా

1883లో రాస్ బెంగళూరులో ఉన్నారు. బంగళా నిండా దోమలు. కిటికీ పక్కన నీళ్ల పీపాలో దోమ పిల్లలు తిరగడం చూశారు. పీపా బోర్లించారు. ఇంట్లో దోమలు తగ్గాయి. మిగతా తొట్లు కూడా బోర్లిద్దామని పై అధికారితో చెబితే ఆయన ఒప్పుకోలేదు. ప్రకృతి క్రమంలో జోక్యం ఎందుకన్నది ఆ అధికారి వాదన.

చిన్న సంగతే. కానీ మన ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. మీ ఇంటి పీపా మీరు బోర్లించుకోవచ్చు, అది మీ సొంత పని. పక్కింటి పీపా, వీధి చివరి గుంట, ఊరవతల వాగు మీ చేతిలో లేవు. అక్కడ అందరి తరఫున ఒకరు పనిచేయాలి, ఆ ఖర్చు అందరూ కలిసి భరించాలి. దాన్నే ప్రజారోగ్యం అంటున్నాం.

రాస్‌కు కూడా ఇది ఒక్కసారిగా తట్టలేదు. 1888లో సెలవు మీద ఇంగ్లండ్ వెళ్లి ప్రజారోగ్యంలో డిప్లొమా చేశారు, సూక్ష్మజీవుల శాస్త్రం నేర్చుకున్నారు. 1889లో రోజా బ్లాక్సమ్‌ను పెళ్లి చేసుకున్నారు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరును కలిశారు. మలేరియా క్రిమిని ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే కనిపెట్టాడు. అది దోమల్లో పెరుగుతుందేమో చూడమని రాస్‌ను పురికొల్పింది మాన్సన్.

బేగంపేటలో ఆగస్టు 20

1895లో రాస్ సికింద్రాబాద్ వచ్చారు. మలేరియా రోగుల్ని దోమలతో కుట్టించి, ఆ దోమల్ని కోసి మైక్రోస్కోపు కింద చూడటం మొదలుపెట్టారు. సర్కారు ఈ పని చేయమని చెప్పలేదు. ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో, చేతి డబ్బుతో చేశారు. మధ్యలో కలరా పనికి బెంగళూరు పంపారు. ఊటీ దగ్గర కొండ లోయలో తిరిగి తనే మలేరియా తెచ్చుకున్నారు.

1897 వేసవిలో మళ్లీ సికింద్రాబాద్. ఉక్కపోత. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని అదీ ఆపేశారు. చెమట పడి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించుకోవడానికి ఒప్పించి, దోమకు అణా చొప్పున ఎనిమిది దోమలకు ఎనిమిది అణాలు ఇచ్చారు.

ఆగస్టు 20న, మచ్చల రెక్కలున్న దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రంగు రేణువులు కనిపించాయి. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతోందనడానికి అదే మొదటి ఆధారం. ఆగస్టు 20ని ఇప్పుడు ప్రపంచమంతా దోమల దినంగా గుర్తు చేసుకుంటోంది. పాత విమానాశ్రయం దగ్గర, బేగంపేటలో ఆ భవనం ఇంకా ఉంది.

ఈ కథలో హుస్సేన్ ఖాన్‌ను మరచిపోవద్దు. జ్వరంతో ఉన్న మనిషిని డబ్బిచ్చి దోమలతో కుట్టించడం నేటి నియమాల ప్రకారం అంత తేలికగా కుదరదు. నోబెల్ రాస్‌కు వచ్చింది, హుస్సేన్ ఖాన్‌కు ఎనిమిది అణాలు వచ్చాయి.

అదే సర్కారు, అదే బదిలీ

సర్కారు వైద్యంలో లోపం ఏమిటో ఆ తర్వాతి నెలలోనే తెలిసింది. 1897 సెప్టెంబరులో రాస్‌ను బొంబాయికి, అక్కడి నుంచి రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా కేసులే లేవు. ప్రపంచం ఎదురుచూస్తున్న పరిశోధన మధ్యలో ఆగింది. ఎవరూ పగబట్టి చేసింది కాదు. ఏ కుర్చీలో ఎవరున్నారో, వారు ఏం చేస్తున్నారో చూడకుండా ఫైలు కదిలిందంతే. ఏజెన్సీలో పని నేర్చుకున్న డాక్టరు, ల్యాబ్ టెక్నీషియన్ సరిగ్గా వానాకాలం ముందు బదిలీ అయితే ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి.

మాన్సన్ లండన్ నుంచి పట్టుబట్టడంతో 1898లో రాస్‌ను ప్రత్యేక విధి మీద కలకత్తా పంపారు. అక్కడ పక్షుల మలేరియా మీద పనిచేశారు. జులైలో క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, కుట్టినప్పుడు పక్షికి అంటుకుంటుందని రుజువు చేశారు. మనుషుల్లో అనాఫిలిస్ దోమ పాత్రను అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం చూపించింది. ఘనత ఎవరిదన్న గొడవ ఇద్దరి మధ్య చివరిదాకా నడిచింది. రాస్ కోపధారి, పోటీని సహించే స్వభావం కాదు.

1899లో సర్వీసు వదిలి లివర్‌పూల్ వెళ్లిపోయారు. అక్కడి ఉష్ణమండల వైద్య పాఠశాలను 1898లో నెలకొల్పింది ఆల్ఫ్రెడ్ జోన్స్ అనే నౌకా వ్యాపారి డబ్బుతో. ఆఫ్రికాకు వెళ్లే ఓడల సిబ్బంది జ్వరాలతో పడిపోతుంటే నష్టం వ్యాపారులకే కదా. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. వైద్యంలో నోబెల్ అందుకున్న తొలి బ్రిటిష్ వ్యక్తి ఆయనే.

ఒకచోట కంపెనీ, ఒకచోట సర్కారు

1902లోనే సూయజ్ కాలువ కంపెనీ రాస్‌ను ఈజిప్టులోని ఇస్మాయిలియాకు పిలిచింది. కంపెనీ ఉద్యోగులున్న ఊరది, ఊరంతా మలేరియా. గుంటలు పూడ్చారు, నీటి మీద నూనె పోశారు, ఇల్లిల్లూ తిరిగి తొట్లు ఖాళీ చేయించారు. కొన్నేళ్లలోనే అక్కడ మలేరియా దాదాపు కనుమరుగైంది. ఖర్చు పెట్టింది ప్రైవేటు కంపెనీ.

అదే కాలంలో మన దేశంలో, లాహోర్ దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో సర్కారు దోమల నివారణ ప్రయోగం చేసింది. ఫలితం పెద్దగా లేదని నివేదికలు వచ్చాయి. డబ్బు, మనుషులు, పరిధి ఏవీ చాలలేదని, అరకొరగా చేసి పద్ధతినే తప్పుపట్టారని రాస్ మండిపడ్డారు.

దీన్నిబట్టి ప్రైవేటే గొప్ప అనుకుంటే తొందరపాటే. ఇస్మాయిలియాలో ఊరూ, ఉద్యోగులూ, పనిదినాలూ కంపెనీవే. జ్వరం తగ్గితే లాభం నేరుగా దానికే. అందుకే డబ్బు పెట్టింది. పర్ణశాల పక్క గూడెంలో జ్వరం తగ్గితే లాభపడే కంపెనీ ఏది? ఏదీ లేదు. అక్కడ ఆ పని సర్కారు చేయకపోతే ఎవరూ చేయరు. సర్కారు చేస్తే, అరకొరగా చేయకూడదు. రెండూ నిజమే.

జబ్బు రాకుండా చేస్తే బిల్లు ఎవరికి వేస్తారు?

రాస్ జీవితమంతా వేధించిన ప్రశ్న ఇదే. ఒక ధనవంతుడి జబ్బు నయం చేస్తే డాక్టరుకు ఫీజు వస్తుంది. లక్షల మందికి జబ్బు రాకుండా చేస్తే? మలేరియా రాకుండా తప్పించుకున్న మనిషికి తాను తప్పించుకున్నానని కూడా తెలియదు. అతని దగ్గర ఫీజు ఎవరు వసూలు చేస్తారు?

మశూచి టీకా కనిపెట్టిన జెన్నర్‌కు బ్రిటిష్ పార్లమెంటు 1802లో 10,000 పౌండ్లు, 1807లో మరో 20,000 పౌండ్లు ఇచ్చింది. తనకూ అలాంటి పారితోషికం ఇవ్వాలని రాస్ బ్రిటిష్ ప్రభుత్వానికి విన్నవించుకున్నారు. దక్కలేదు. 1911లో సర్ బిరుదు వచ్చింది. 1912లో లండన్ చేరి కన్సల్టెంటుగా కూడా పనిచేశారు. సంపద మాత్రం సమకూరలేదు. 1914లో పెద్ద కొడుకు యుద్ధంలో చనిపోయాడు. 1928లో తన పరిశోధన కాగితాలు అమ్మకానికి పెట్టారు. లేడీ హ్యూస్టన్ అనే సంపన్నురాలు 2,000 పౌండ్లకు కొన్నారు.

ఆ మనిషిలో అహం ఉంది, డబ్బు మీద ధ్యాస ఉంది. అయినా ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నేటికీ సరైనదే. మీ ఆరోగ్య బీమా పాలసీ తీసి చూడండి. ఆసుపత్రిలో చేరితే ఎంత ఇస్తారో ఉంటుంది. మీ కాలనీ మురుగుగుంట పూడ్చడానికి అందులో పైసా ఉండదు.

మన దేశం లెక్క ఏమిటి?

స్వాతంత్ర్యం నాటికి మన దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మలేరియా కేసులు, 8 లక్షల మరణాలు ఉండేవని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. ఊరూరా ఇళ్ల గోడల మీద డీడీటీ కొట్టారు. 1965 నాటికి కేసులు లక్షకు పడిపోయాయి. ఏ ప్రైవేటు ఆసుపత్రీ, అన్నీ కలిసినా, ఈ పని చేయగలిగేవి కావు.

ఆ తర్వాత పట్టు సడలింది. నిఘా తగ్గింది, మందుల సరఫరా దెబ్బతింది, దోమలు డీడీటీకి అలవాటు పడ్డాయి. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. సర్కారు వైద్యం బలమూ, బలహీనతా ఈ రెండు అంకెల్లో ఉన్నాయి. తలచుకుంటే దేశమంతా ఒకేసారి కదిలించగలదు. అయిపోయిందనుకుని ఏమరిస్తే, మళ్లీ మొదటికి తెస్తుంది. ఇప్పుడు 2030 నాటికి మలేరియాను నిర్మూలించాలన్నది జాతీయ లక్ష్యం.

ఎవరి బలం ఏమిటి?

సర్కారు వైద్యానికి చేరువే బలం. గిరిజన ప్రాంతాల్లో నిబంధనల ప్రకారం 3,000 మందికి ఒక ఉపకేంద్రం, 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. మైదాన ప్రాంతాల్లో ఈ సంఖ్యలు 5,000, 30,000. వాగు దాటి గూడేనికి వెళ్లి దోమతెరలు పంచడం, గోడలకు మందు కొట్టడం, జ్వరాల లెక్క రాయడం ప్రైవేటుకు గిట్టుబాటు కాదు. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా రోగులు వస్తారు. రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదని దోమ చూడదు కదా.

దాని లోపాలూ మీకు తెలిసినవే. ఏజెన్సీలో స్పెషలిస్టు పోస్టులు నిండవు. యంత్రం ఉంటే నడిపే మనిషి ఉండరు. క్యూలు పొడవు. ఫిర్యాదు చేస్తే జవాబు ఆలస్యం.

ప్రైవేటు వైద్యానికి వేగం బలం. రాత్రి రెండింటికి స్కానింగ్, కోరిన డాక్టరు, పక్కన తోడుండే గది. కష్టమైన ఆపరేషన్లలో నైపుణ్యం. లోపం ఏమిటంటే, డబ్బున్న చోటికే అది వెళ్తుంది. అవసరం లేని పరీక్షలు రాసే ప్రలోభం ఉంటుంది. ప్రైవేటులో నిర్ధారణ అయిన మలేరియా కేసు వివరాలు సర్కారుకు చేరకపోతే, ఆ రోగి చుట్టుపక్కల ఇళ్లలో పరీక్షలు చేసేవారుండరు, మందు కొట్టేవారుండరు.

మధ్యేమార్గంగా వచ్చింది ఆరోగ్యశ్రీ. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. డబ్బు సర్కారుది, చికిత్స ప్రభుత్వ ఆసుపత్రుల్లోనో, ప్రైవేటు ఆసుపత్రుల్లోనో. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. పేదవాడికి గుండె ఆపరేషన్ కార్పొరేట్ ఆసుపత్రిలో అందడం చిన్న విషయం కాదు. అయితే ఇది ప్రధానంగా ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బులకే. బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపుతామని హెచ్చరించిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పైగా, పీపా బోర్లించే పని ఈ పథకంలో లేదు.

మొత్తం మీద జనం జేబు నుంచి పెట్టే వాటా తగ్గుతోంది. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో మొత్తం వైద్య ఖర్చులో అది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. అయినా పది రూపాయల్లో దాదాపు నాలుగు ఇప్పటికీ మీ జేబువే. 2021-22లో ప్రభుత్వాల వైద్య ఖర్చు జీడీపీలో 1.84 శాతం. 2025 నాటికి 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యం పెట్టుకుంది.

మీరు చేయాల్సింది ఏమిటి?

ఏజెన్సీకి వెళ్లొచ్చాక నెల రోజుల్లోపు జ్వరం వస్తే, ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు ఆ ప్రయాణం సంగతి చెప్పండి. మలేరియా పరీక్ష అడిగి చేయించుకోండి. కొన్ని రకాల మలేరియా నెలల తర్వాత కూడా బయటపడుతుంది కాబట్టి ఆ తర్వాత వచ్చిన జ్వరానికీ చెప్పడం మంచిదే.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మలేరియా పరీక్ష, మందులు ఉచితం. వైవాక్స్ రకానికి మూడు రోజుల మందుతో పాటు 14 రోజుల ప్రైమాక్విన్ ఇస్తారు. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే కాలేయంలో దాక్కున్న క్రిమి మళ్లీ లేస్తుంది. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు, కాబట్టి సొంతంగా వాడొద్దు. మగత, ఫిట్స్, మూత్రం తగ్గడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే సర్కారా ప్రైవేటా అని చూడొద్దు. అత్యవసర చికిత్స ఉన్న దగ్గరి ఆసుపత్రికి 108లో వెళ్లండి.

ఓటు అడగడానికి వచ్చినవారిని కొత్త ఆసుపత్రి భవనం గురించే కాదు, పాత ఆరోగ్య కేంద్రంలో ఖాళీల గురించి కూడా అడగండి. ఈసారి వానాకాలం ముందు దోమల మందు పిచికారీ ఎన్ని ఇళ్లకు అందిందో అడగండి.

రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో, తన పేరుతోనే కట్టిన ఆసుపత్రిలో కన్నుమూశారు. మన దగ్గర నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, జనం నోట్లో కోరంటి దవాఖానా, అధికారికంగా ఆయన పేరే పెట్టుకుంది. అది సర్కారు ఆసుపత్రి. జబ్బు పడ్డ మనిషికి ఏ తలుపైనా మంచిదే, సమయానికి తెరుచుకుంటే చాలు. జబ్బు పడకుండా ఊరంతటినీ కాపాడే పనికి మాత్రం ఉన్నది ఒక్కటే తలుపు. అది సక్రమంగా తెరుచుకునేలా చూసుకోవడం, పన్ను కట్టే మీ పని కూడా.